సి భాషలో ఇంటర్‌ప్రెటర్ నిర్మాణం, ఏఐ తోడ్పాటు

ఇంటర్‌ప్రెటర్ అంటే ఒక ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాఠాన్ని చదివి, దాని అర్థం తేల్చి, అక్కడికక్కడే అమలు చేసే ప్రోగ్రాము. కంపైలర్ మూలపాఠాన్ని యంత్రభాషలోకి మార్చి ఇచ్చి తప్పుకుంటుంది. ఇంటర్‌ప్రెటర్ చివరిదాకా పక్కనే ఉండి పని నడిపిస్తుంది. పైథాన్, రూబీ, పెర్ల్, పీహెచ్‌పీ, లువా భాషల ప్రధాన ఇంటర్‌ప్రెటర్లన్నీ సి భాషలోనే రాశారు. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన సి ఈ పనిలో ఇప్పటికీ ముందు వరుసలో ఉండటానికి కారణం, అది మెమరీని పూర్తిగా ప్రోగ్రామర్ చేతికి వదిలేయడమే. దానితో వచ్చే ప్రమాదం కూడా అదే.

2021 నుంచి కోడ్ రాయగల ఏఐ నమూనాలు మామూలు ప్రోగ్రామర్లకు అందుబాటులోకి వచ్చాయి. కంపైలర్ల కోర్సు పూర్తిచేసినవాళ్లు కూడా నెలల పని అనుకున్న ఇంటర్‌ప్రెటర్‌ను ఇప్పుడు డిప్లొమా విద్యార్థి కొద్ది సాయంత్రాల్లో తెరమీద ఆడించగలుగుతున్నాడు. తెరమీద ఆడిన ప్రోగ్రాము సరైనదేనా అన్నది వేరే ప్రశ్న. మిగతా భాషల్లో కంటే సిలో ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడం చాలా కష్టం. ఏఐ సాయంతో ఇంటర్‌ప్రెటర్ కట్టే పనిలో మనిషి శ్రమ కోడ్ రాయడం నుంచి రెండు చోట్లకు మారింది: భాషలో ఏ వాక్యానికి ఏమి అర్థమో ముందే తేల్చడం, వచ్చిన కోడ్ ఆ అర్థాన్ని నిలబెడుతోందో లేదో పరీక్షించడం.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు పెద్దపల్లి జిల్లా రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతానివి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. రామగుండం గనులను కూడా నడిపే సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొనడంతో అది ప్రభుత్వ కంపెనీ అయింది. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. రామగుండం-1, 2, 3 (ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3) ఏరియాలు, అడ్రియాల లాంగ్‌వాల్ గని రామగుండం చుట్టుపక్కలే ఉన్నాయి. బొగ్గుబాయిలో పని అంతా రాతపూర్వక నియమాల మీద నడుస్తుంది. ఇంత మించితే ఇది ఆపాలి, ఇంతలోపు ఉంటేనే అది మొదలుపెట్టాలి అన్న తరహా నియమాలవి. అలాంటి నియమాలు రాసుకునే చిన్న భాషను తయారు చేయడం నేర్చుకునేవాళ్లకు చక్కటి లక్ష్యం. పరిధి చిన్నదే అయినా ప్రతి నిర్ణయానికీ బరువుంటుంది.

మెకార్తీ నుంచి బాసర దాకా

ఇంటర్‌ప్రెటర్, ఏఐ రెండింటి తొలి చరిత్రలోనూ ఒకే మనిషి కనిపిస్తాడు. 1955లో డార్ట్‌మత్ సమావేశపు ప్రతిపాదనలో కృత్రిమ మేధ అనే పేరు వాడిన జాన్ మెకార్తీ, 1958లో లిస్ప్ భాషకు శ్రీకారం చుట్టాడు. లిస్ప్ అర్థాన్ని లిస్ప్‌లోనే చెప్పే 'ఇవాల్' అనే ఫంక్షన్‌ను 1960 వ్యాసంలో ప్రకటించాడు. అది కాగితం మీది సిద్ధాంతమనే ఆయన అనుకున్నాడు. సహచరుడు స్టీవ్ రస్సెల్ దాన్ని ఐబీఎం 704 యంత్రభాషలోకి చేత్తో మార్చి నడిపించాడు. లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ పుట్టింది అలాగే. వాడకం అయిపోయిన మెమరీని ప్రోగ్రామే ఏరుకుని తిరిగి వాడుకునే గార్బేజ్ కలెక్షన్ పద్ధతి కూడా ఆ వ్యాసంలోనే ఉంది. సిలో ఇంటర్‌ప్రెటర్ రాసేవాళ్లను ఈనాటికీ ఎక్కువగా ఏడిపించేది ఆ భాగమే.

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో ఆ మెకార్తీ దగ్గరే చదివి 1966లో డాక్టరేట్ అందుకున్నారు. యంత్రానికి మనిషి మాటను గుర్తుపట్టడం నేర్పిన ఆయనకు 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. పల్లెటూరి పిల్లలకు ఇంజినీరింగ్ చదువు అందించాలని 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెనక ఆయన ఆలోచన ఉంది. బాసర గోదావరి ఒడ్డునే ఉంది, అదే నదికి దిగువన గోదావరిఖని. లిస్ప్ ఇంటర్‌ప్రెటర్‌కు మూలపురుషుడైన మనిషి శిష్యుడి పూనికతో కట్టిన చదువుల బడి ఈ బొగ్గు ప్రాంతపు నది ఒడ్డునే ఉందన్న సంగతి ఇక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది వినే ఉండరు.

ప్రభుత్వ చమురు కంపెనీ కోసం పుట్టిన భాష

ప్రభుత్వ గనుల కంపెనీకీ ప్రోగ్రామింగ్ భాషకూ సంబంధమేమిటని అడిగేవాళ్లకు లువా చరిత్ర చెప్పాలి. 1977 నుంచి 1992 దాకా బ్రెజిల్ విదేశీ కంప్యూటర్ పరికరాల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను బయట కొనుక్కోవడం కష్టమైంది. రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలోని టెక్‌గ్రాఫ్ బృందం ఆ సంస్థ కోసం రెండు చిన్న భాషలు తయారు చేసింది. సమాచారం నింపే ఫారాలను వర్ణించడానికి డెల్, భూపొరల పటాల నివేదికలను రూపుదిద్దడానికి సోల్. ఇంజినీర్లు వాటిలో షరతులు కావాలన్నారు, లూపులు కావాలన్నారు. 1993లో రొబెర్తో ఇరూసలిమ్‌స్కీ, లూయిస్ హెన్రిక్ డి ఫిగైరెదో, వాల్దెమార్ సెలెస్ ఆ రెండింటినీ కలిపి ఒక పూర్తి భాషగా తిరగరాశారు. దాని పేరే లువా. ఇంటర్‌ప్రెటర్‌ను శుద్ధమైన సిలో, ఎక్కడికైనా మోసుకుపోగలిగేలా రాశారు. నేడు అది వీడియో ఆటల్లో, నెట్‌వర్క్ పరికరాల్లో, టెక్స్ట్ ఎడిటర్లలో నడుస్తోంది.

సింగరేణి అన్వేషణ విభాగం కూడా బోర్లు వేసి పొరల వివరాలు సేకరిస్తుంది. సోల్ భాషకు పెట్టిన పని ఇక్కడివాళ్లకు కొత్తదేమీ కాదు. లువా అమెరికాలోని పెద్ద కంపెనీలో కాక, అవసరం పుట్టిన చోటే, ఆ అవసరం తెలిసినవాళ్ల చేతిలో పుట్టింది. ఈ ప్రాంతపు విద్యార్థులకు లువా కథ తప్పకుండా చెప్పాలి.

గని నియమాల చిన్న భాష

బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గనిలోని ఒక్కో డిస్ట్రిక్టు (విడిగా గాలి అందే భాగం) నుంచి వెనక్కి వచ్చే గాలిలో మీథేన్ 0.75 శాతానికి మించకూడదు. గనిలో ఏ చోటైనా 1.25 శాతానికి మించకూడదు. మన ఉదాహరణ భాషలో ఈ నియమం ఇలా ఉంటుందనుకుందాం:

మీథేన్ > 1.25 అయితే
    కరెంటు_ఆపు()
    మనుషులు_బయటికి()
ముగింపు

ఇంటర్‌ప్రెటర్‌లో మొదటి భాగం లెక్సర్. అది ఈ అక్షరాల వరసను చదివి మాటలుగా విడగొడుతుంది: పేరు, గుర్తు, సంఖ్య, అయితే అనే కీలకపదం, ఇలా. తర్వాతది పార్సర్. అది ఆ మాటల మధ్య వ్యాకరణ సంబంధం పట్టుకుంటుంది. ఆ సంబంధాన్ని చెట్టు రూపంలో దాచుకుని కొమ్మ కొమ్మా తిరుగుతూ అమలు చేయడం తేలిక పద్ధతి, కానీ నెమ్మది. వేగం కావాలంటే బైట్‌కోడ్‌గా, అంటే చిన్న చిన్న ఆదేశాల వరసగా, మార్చాలి. పై నియమానికి బైట్‌కోడ్ సుమారుగా ఇలా వస్తుంది: మీథేన్ విలువను స్టాక్ మీద పెట్టు, 1.25ను పెట్టు, రెంటినీ తీసి పోల్చి ఫలితం పెట్టు, ఫలితం అబద్ధమైతే ముగింపు దాకా దూకు, కరెంటు_ఆపును పిలువు. సిలో రాసిన ఒక లూపు ఈ ఆదేశాలను ఒక్కొక్కటిగా తీసుకుని స్విచ్ వాక్యంతో పని చేయిస్తుంది. ఈ లూపునే వర్చువల్ మెషీన్ అంటారు. ముగింపు ఎక్కడుందో మొదట తెలియదు కాబట్టి దూకే దూరాన్ని ఖాళీగా వదిలి, అక్కడికి చేరాక వెనక్కి వచ్చి నింపుతారు. గుణకారం ముందా, కూడిక ముందా అన్న తగువును తీర్చడానికి వాన్ ప్రాట్ 1973లో ప్రకటించిన పద్ధతిని ఎక్కువమంది వాడతారు.

ఇక్కడ తెలుగు వాక్యనిర్మాణం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఇంగ్లిష్ మూలంగా వచ్చిన భాషల్లో షరతు చెప్పే కీలకపదం వాక్యం మొదట్లోనే వస్తుంది, దాన్ని చూడగానే ఇది షరతు అని పార్సర్‌కు తెలిసిపోతుంది. తెలుగులో 'అయితే' షరతు తర్వాత వస్తుంది. మొదటి మాటను బట్టి దారి ఎంచుకునే పార్సర్ ఇక్కడ నిలిచిపోతుంది. పరిష్కారం ఉంది. ముందు ఒక సమాసాన్ని పూర్తిగా చదవాలి, తర్వాతి మాట 'అయితే' అయితే దాన్ని షరతుగా తీసుకోవాలి, కాకుంటే మామూలు వాక్యంగా వదలాలి. చదువుతూనే బైట్‌కోడ్ రాసే పద్ధతిలో ఇది ఇంకా చక్కగా కుదురుతుంది. 'అయితే' వచ్చేసరికి షరతు తాలూకు ఆదేశాలు ఎలాగూ రాసి ఉంటాయి కాబట్టి దూకుడు ఆదేశం ఒక్కటి చేరిస్తే చాలు. స్టాక్ యంత్రం కూడా కర్మలు ముందు, క్రియ చివర అన్న వరసలోనే నడుస్తుంది. ఏఐ నేర్చుకున్న కోడ్‌లో అధికభాగం ఇంగ్లిష్ కీలకపదాల భాషలదే. వివరంగా వ్యాకరణం రాసి ఇవ్వకపోతే అది షరతు పదం ముందుండే నమూనానే ఇస్తుంది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న అర్థానిది. సెన్సర్ చెడిపోయి రీడింగ్ రాకపోతే 'మీథేన్ > 1.25' విలువ ఏమిటి? ఏఐని ఊరికే అడిగితే సంఖ్యలన్నిటికీ సిలోని డబుల్ రకం వాడుతుంది. చాలా పరికరాల సాఫ్ట్‌వేర్ తప్పుడు రీడింగుకు 'సంఖ్య కాదు' అనే ప్రత్యేక విలువ ఇస్తుంది. తేలియాడే బిందు సంఖ్యల ప్రమాణం ప్రకారం ఆ విలువను దేనితో పోల్చినా పెద్దది కాదు, చిన్నది కాదు, సమానమూ కాదు. అంటే సెన్సర్ చచ్చిపోతే షరతు అబద్ధమవుతుంది, కరెంటు ఆగదు. సి ప్రమాణం ప్రకారం ఈ కోడ్‌లో ఏ తప్పూ లేదు, నియమం ఉద్దేశం మాత్రం పూర్తిగా తలకిందులైంది. రీడింగ్ లేకపోవడం వేరు, తక్కువ ఉండటం వేరు అని భాషలోనే చెప్పాలి. రీడింగ్ లేని చోట షరతు అడిగితే పొరపాటు ప్రకటించాలి. ఈ మాట మనిషి చెప్పాలి. 1.25 మించితేనా, 1.25కు చేరితేనా అన్నది కూడా మనిషే నిబంధన చదివి తేల్చాలి. అదృష్టవశాత్తు 1.25, 0.75 రెండూ ద్విసంఖ్యామానంలో కచ్చితంగా ఇమిడే సంఖ్యలు. 0.1 అలా ఇమడదు. దాన్ని మూడుసార్లు కూడితే 0.3 రాదు.

ఇలాంటి సాధన భాషను నిజమైన గని భద్రత పరికరంలో పెట్టకూడదు. గనుల్లో వాడే పరికరాలకు ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ ఆమోదం తప్పనిసరి.

తెలుగు అక్షరం, సి బైటు

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా సంఖ్యలు కేటాయించారు. యూటీఎఫ్-8లో రాస్తే వీటిలో ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. 'గని' అనే మాటలో గ, న, గుడి కలిపి మూడు సంకేతాలు, మొత్తం తొమ్మిది బైట్లు. సి మాత్రం 'క్యారెక్టర్' అంటే ఒక బైటు అనే అనుకుంటుంది.

ఇక్కడ జరిగే పొరపాటు చాలా సాధారణం. మామూలు పీసీల మీద సిలోని క్యారెక్టర్ రకం రుణ సంఖ్యలను కూడా పట్టే రకం. కాబట్టి 224 అక్కడ -32గా కనిపిస్తుంది. ఇది అక్షరమేనా అని అడిగే ప్రామాణిక ఫంక్షన్‌కు రుణ సంఖ్య ఇస్తే ఏం జరుగుతుందో సి ప్రమాణం హామీ ఇవ్వదు. ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్ల మీద లినక్స్ వాతావరణంలో అదే రకం ధన సంఖ్యలే పడుతుంది. అంటే ఒకే కోడ్ ఫోన్లో ఒకలా, కాలేజీ ల్యాబులో ఇంకోలా ప్రవర్తించవచ్చు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న చిన్న లెక్సర్లలో ఎక్కువ భాగం ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలనే ఊహించుకుని రాసినవి. ఏఐ వాటినుంచే నేర్చుకుంది. తెలుగు పేర్లు పనిచేయాలని స్పష్టంగా చెప్పి, తెలుగు పేర్లతోనే పరీక్షలు ఇవ్వకపోతే ఆ లోటు బయటపడదు.

బైట్లు సరిచేశాక కూడా పని మిగిలే ఉంటుంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగా 3144తో రాయవచ్చు, లేదా 3142, 3158 అనే రెండు సంకేతాల జంటగా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యూనికోడ్ ప్రమాణం కూడా రెండూ సమానమే అంటుంది. బైట్లు పోల్చే ఇంటర్‌ప్రెటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు చలరాశులు. పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా టైపు చేసే కంటికి కనిపించని సంకేతం 8204తోనూ ఇదే సమస్య. లిఫ్టుమెన్ అనే పేరును ఒకచోట ఆ సంకేతంతో, మరోచోట అది లేకుండా రాస్తే కీబోర్డును బట్టి పేరు మారిపోతుంది. పేర్లను పట్టికలో చేర్చేముందే ఒకే రూపానికి తేవాలి. తప్పు ఎక్కడుందో చూపించే బాణం గుర్తు కూడా బైట్లు లెక్కబెడితే మాటకు ఎంతో దూరంలో పడుతుంది. అక్షరాలను, అంటే ఒత్తులూ గుణింతాలూ కలిపిన అక్షరాలను, లెక్కబెట్టాలి.

తెలుగువాళ్లలో ఈ రకం ఆలోచనకు పాత చరిత్ర ఉంది. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారు చేశారు. ఇంగ్లిష్ అక్షరాల వరసలో వీలైనంత పొడవైన జోడింపును పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చడం అంటే లెక్సర్ చేసే పనే. అదే కాలంలో రామారావు రైస్‌లో ప్రోగ్రామింగ్ భాషల అర్థశాస్త్రం మీద పరిశోధన చేశారు. రాబర్ట్ కార్ట్‌రైట్‌తో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం 1993లో వచ్చింది. 2006లో వచ్చిన లేఖిని కూడా ఆర్‌టీఎస్ బాటలోనే నడిచింది. కీలకపదాలే స్వభాషలో ఉండే భాషల్లో తమిళంలో ముత్తయ్య అణ్ణామలై చేసిన ఎళిల్, ప్రాచీన చైనీసులో 2019లో వచ్చిన వెన్యాన్ పేరు పొందాయి.

మెమరీ: కనబడని తప్పులు

ఇంటర్‌ప్రెటర్ రాసేటప్పుడు సిలో వచ్చే అతి పెద్ద ప్రమాదం గార్బేజ్ కలెక్టర్ దగ్గరుంది. కలెక్టర్ స్టాక్ నుంచి, గ్లోబల్ పేర్ల పట్టిక నుంచి బయలుదేరి చేరగలిగిన ప్రతి వస్తువుకూ గుర్తు పెడుతుంది, గుర్తు లేనివాటిని విడిపిస్తుంది. రెండు మాటలను అతికించే ఫంక్షన్‌ను చూద్దాం. మొదట కొత్త మాటకు మెమరీ తీసుకుంటుంది. దాని చిరునామా సి చలరాశిలో మాత్రమే ఉంటుంది, స్టాక్ మీద ఇంకా లేదు. తర్వాత ఆ మాటను పేర్ల పట్టికలో చేర్చబోతుంది. పట్టిక నిండిపోయి పెంచాల్సి వస్తుంది, పెంచడానికి మెమరీ అడుగుతుంది, ఆ క్షణంలో కలెక్టర్ లేస్తుంది. కొత్త మాటకు దారి ఏదీ దొరకక విడిపించేస్తుంది. ఫంక్షన్ తిరిగి వచ్చి చచ్చిపోయిన చిరునామాను వాడుతుంది. పట్టిక సరిగ్గా ఆ ఘడియలో నిండితేనే ఇది జరుగుతుంది. పది ప్రోగ్రాములు సరిగా నడిచి పదకొండోది కూలిపోతుంది, అదీ వేరే వరస దగ్గర.

రెండో రకం తప్పు పెరిగే శ్రేణులది. శ్రేణిలోని ఒక గడి చిరునామా పట్టుకుని ఉండగా శ్రేణి పెరిగితే సి దాన్ని మరోచోటికి తరలించవచ్చు, అప్పుడు పాత చిరునామా చెల్లదు. మూడోది లోతు. లక్ష ఎడమ కుండలీకరణాలు వరసగా ఉన్న ఫైలు ఇస్తే, తనను తానే పిలుచుకునే పార్సర్ యంత్రపు స్టాక్ దాటిపోయి పడిపోతుంది. లోతుకు హద్దు పెట్టి, తెలుగులో మర్యాదగా తప్పు చెప్పాలి.

వీటిని కంటితో వెతకడం వృథా. సాధనాలున్నాయి. 2002లో వచ్చిన వాల్‌గ్రైండ్, 2012లో గూగుల్ ఇంజినీర్లు ప్రకటించిన అడ్రస్ శానిటైజర్, యాదృచ్ఛిక పాఠాలు ఇచ్చి ప్రోగ్రాము ఎక్కడ కూలుతుందో వెతికే, 2013లో మిఖావ్ జలేవ్‌స్కీ విడుదల చేసిన ఏఎఫ్‌ఎల్ ఫజర్ ముఖ్యమైనవి. వీటికి తోడు ఒక చిన్న ఉపాయం గొప్పగా పనిచేస్తుంది. కలెక్టర్‌ను మెమరీ అడిగిన ప్రతిసారీ నడిపించే పరీక్ష స్విచ్ పెట్టుకోవాలి. ప్రోగ్రాము నత్తనడక నడుస్తుంది, దాగిన తప్పు మాత్రం చాలావరకు మొదటి పరుగుల్లోనే బయటపడుతుంది.

షిఫ్టు ఎక్కేముందు మైనింగ్ సర్దార్ పని జాగాకు స్వయంగా వెళ్లి పైకప్పు తట్టి, గాలి చూసి సంతకం పెట్టాలన్నది గనుల్లో ఏర్పాటు. తవ్వేవాడి మీద నమ్మకం లేక పెట్టిన తనిఖీ కాదది. ఏఐ రాసిన కోడ్‌కూ అంతే. కోడ్ రాసిన నమూనానే పరీక్షలూ రాస్తే, మొదటిచోట చేసిన తప్పుడు ఊహ రెండోచోటా కూర్చుంటుంది. సెన్సర్ రీడింగ్ లేని సందర్భాన్ని కోడ్‌లో మరిచిన నమూనా దాన్ని పరీక్షలోనూ మరిచిపోతుంది. అందుకే పరీక్షలు భాష వివరణ పత్రం నుంచి రావాలి, ఆ పత్రం మనిషి రాయాలి.

ఏఐ ఇక్కడ ఏం చేయగలదు

2021లో ఓపెన్‌ఏఐ కోడెక్స్ నమూనాను వివరించే పత్రం ప్రకటించింది. దాన్ని పరీక్షించిన 164 లెక్కలూ పైథాన్‌లోనివే. ఆ ఏడాదే సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్‌కు చెందిన గిట్‌హబ్, కోడెక్స్ ఆధారంగా కోపైలట్‌ను బయటికి తెచ్చింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోపైలట్‌తో 89 సందర్భాల్లో 1,689 ప్రోగ్రాములు రాయించి చూస్తే, దాదాపు 40 శాతంలో భద్రత లోపాలున్నాయి. ఆ తర్వాతి నమూనాలు చాలా మెరుగయ్యాయి. 2025 నాటికి ఫైళ్లు తెరిచి, కంపైల్ చేసి, పరీక్ష తప్పితే తానే సరిదిద్దుకునే ఏఐ ఏజెంట్లు వచ్చాయి. ఆ ఏడాదే ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ హంట్లీ, క్లాడ్ అనే ఏఐ నమూనాను నెలల తరబడి ఆగకుండా ఒక లూపులో నడిపించి కర్స్‌డ్ అనే భాషను తయారు చేయించాడు. దాన్ని మొదట సిలో, తర్వాత రస్ట్‌లో, ఆ తర్వాత జిగ్‌లో రాయించాడు.

ఇంటర్‌ప్రెటర్ల విషయంలో ఏఐకి ఒక పెద్ద అనుకూలత ఉంది. రాబర్ట్ నైస్ట్రమ్ రాసిన క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్ పుస్తకం 2021లో అచ్చయింది, అంతకుముందే వెబ్‌లో ఉచితంగా ఉంది. సిలో రాసిన క్లాక్స్ ఇంటర్‌ప్రెటర్ అందులో వరస వరసా ఉంది. దాన్ని అనుసరించి ఎందరో తమతమ కోడ్‌ను బహిరంగంగా పెట్టారు. ఏఐ ఈ నిర్మాణాన్ని అంత ధారాళంగా రాయడానికి ఇదే ప్రధాన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అందరూ నడిచిన బాటలో అది తడబడదు. 'అయితే' చివర వచ్చే వ్యాకరణం, రీడింగ్ లేని విలువ, ఐత్వపు రెండు రూపాలు ఆ బాటలో లేవు.

పోల్చి చూసే పరీక్ష ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రకటించిన సీస్మిత్, యాదృచ్ఛికంగా సి ప్రోగ్రాములు పుట్టించి వేర్వేరు కంపైలర్లకు ఇచ్చి జవాబులు పోల్చేది. అలా 325కు పైగా తప్పులు దొరికాయి. మన చిన్న భాషకూ చెట్టు మీద నడిచే నెమ్మది ఇంటర్‌ప్రెటర్ ఒకటి, బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్ ఒకటి రాసి, యాదృచ్ఛిక నియమాలు రెంటికీ ఇచ్చి చూడవచ్చు. రెండో ఇంటర్‌ప్రెటర్ రాసే విసుగు పనిని ఏఐ తీసుకుంటుంది. నా దృష్టిలో ఏఐ వల్ల కలిగిన అసలు లాభం ఇదే. మునుపు ఒంటరి విద్యార్థికి అందని పరీక్ష పద్ధతులు ఇప్పుడు చేతికందాయి.

తెలుగులో అడిగితే ఖర్చు ఎక్కువన్న మాట నిన్నటిదాకా నిజమే. ఏఐ నమూనాలు పాఠాన్ని టోకెన్లుగా ముక్కలు చేస్తాయి. పాత పద్ధతుల్లో తెలుగు మరీ చిన్న ముక్కలయ్యేది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలో ఒక తెలుగు పాఠానికి టోకెన్లు 159 నుంచి 45కు తగ్గాయి. వ్యాఖ్యలు, పేర్లు, వివరణ పత్రం తెలుగులోనే రాసుకోవడానికి ఇది పెద్ద ఊరట.

కంపైలర్ లోపల ఏఐ

తెలంగాణలో ఈ రంగంలో చెప్పుకోదగ్గ పని కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో జరిగింది. రామకృష్ణ ఉపద్రష్ట బృందం, బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన వై.ఎన్. శ్రీకాంత్‌తో కలిసి 2020లో ఐఆర్2వెక్ పద్ధతిని ప్రకటించింది. కంపైలర్ మధ్యదశలో ప్రోగ్రాము తీసుకునే రూపాన్ని సంఖ్యల వరసలుగా మార్చి, ఏ మెరుగుదల ఎక్కడ చేయాలో యంత్రమే నేర్చుకునేలా చేయడం దీని ఉద్దేశం. 2025లో ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ ప్రధాన కోడ్‌లో దీనికి చోటు దక్కింది. ఇక్కడ ఏఐ కంపైలర్‌ను రాయడం లేదు, కంపైలర్‌లో ఒక భాగమై పనిచేస్తోంది. ఏఐ నమూనాలకు శిక్షణ ఇచ్చే కోడ్ ఎక్కువగా పైథాన్‌లో ఉంటుంది, ఆ పైథాన్ ఇంటర్‌ప్రెటర్ సిలో ఉంటుంది. ఏఐ సాయంతో సిలో ఇంటర్‌ప్రెటర్ రాసే విద్యార్థి, ఆ ఏఐ తయారైన పునాదినే చిన్న రూపంలో కడుతున్నట్టు.

బొగ్గు ప్రాంతంలో నేర్చుకోవడం

జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ మొదటి ఏడాదిలో ప్రోగ్రామింగ్ నేర్పే భాష సి. తర్వాతి ఏళ్లలో కంపైలర్ డిజైన్ ఉంటుంది. రామగుండానికి దగ్గరలో, సింగరేణి ఉద్యోగుల సెంటినరీ కాలనీలో, ఆ విశ్వవిద్యాలయానికే చెందిన మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది. సి, కంపైలర్ డిజైన్ కోర్సులు రెండింటినీ కలిపే ప్రాజెక్టు ఏదైనా ఉందంటే అది చిన్న ఇంటర్‌ప్రెటరే. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పాత కంప్యూటర్, ఉచిత జీసీసీ కంపైలర్ చాలు. ఇంటర్నెట్ సరిగా లేని క్వార్టర్లలో ఉండేవాళ్లకు 2023 మార్చిలో జార్జి గెర్గనోవ్ మొదలుపెట్టిన లామా.సీపీపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో చిన్న ఏఐ నమూనాలను సొంత కంప్యూటర్ మీదే నడుపుకునే వీలుంది. వాటి సాయం పెద్ద నమూనాలంత నమ్మకమైనది కాదు, లెక్సర్ వివరణలకు సరిపోతుంది.

ఏ భాగం ఏఐకి వదలాలి, ఏది సొంతంగా రాయాలి అన్న విషయంలో ఒక అభిప్రాయం చెప్పడం అవసరం. హ్యాష్ పట్టిక, తప్పుల సందేశాలు, ఫజర్‌కు కావలసిన ప్రోగ్రాముల తయారీ వంటివి వదలవచ్చు. వ్యాకరణం, భాష వివరణ పత్రం, గార్బేజ్ కలెక్టర్ మాత్రం విద్యార్థి తన చేత్తో రాయాలి. కలెక్టర్‌ను ఒకసారైనా సొంతంగా రాసి, అది కూలినప్పుడు వాల్‌గ్రైండ్ నివేదిక చదివి కారణం పట్టుకున్నవాడికే ఏఐ రాసిన కలెక్టర్‌లో ఎక్కడ చూడాలో తెలుస్తుంది. వైవాలో ప్రశ్న కూడా అక్కడే అడగాలి: ఈ చిరునామా స్టాక్ మీదికి ఏ వరసలో చేరింది, అంతకుముందు కలెక్టర్ లేస్తే ఏమవుతుంది?

ప్రాజెక్టు నివేదికలో మరో పని ఉంది. క్లాక్స్ కోడ్‌కు ఎంఐటీ లైసెన్సు ఉంది. వాడుకోవచ్చు, అయితే కాపీరైట్ ప్రకటనను వెంట ఉంచాలి. ఏఐ ఇచ్చిన కోడ్ మీద అది ఎక్కడిదో రాసి ఉండదు. ఫంక్షన్ల పేర్లు, వ్యాఖ్యలు పుస్తకంలోవాటితో పోల్చి చూసి, సరిపోలిన చోట నైస్ట్రమ్ పేరు, లైసెన్సు పాఠం చేర్చాలి.